బ్రేక్ తర్వాత మొదటి ట్రే

(ఇంజనీర్స్ డే రోజున ఒక పాలిటెక్నిక్ కాలేజీలో చేసిన ప్రసంగం ఇది. మాట్లాడినవారు పాల డెయిరీలో ముప్ఫై ఏళ్లకు పైగా మెయింటెనెన్స్ చూసి రిటైరైన ఇంజనీరు. విన్నవారిలో విద్యార్థులతో పాటు పక్కనున్న పారిశ్రామికవాడ ఉద్యోగులూ ఉన్నారు.)

అందరికీ నమస్కారం. మైకు కొంచెం దగ్గరికి జరపండి బాబూ. ఆ, చాలు. వెనకవాళ్లకి వినపడుతోందా?

ప్రిన్సిపాల్ గారు నాకిచ్చిన టాపిక్ "పనిచేసే చోట క్లిష్టమైన సమస్యలను పరిష్కరించడం ఎలా". ఇన్విటేషన్ కార్డు మీద ఇది చదివి మా ఆవిడ, "వంటింట్లో కుళాయి కారబట్టి నాలుగు నెలలైంది, ఆ సంగతి కాలేజీవాళ్లకి తెలుసా?" అంది. (నవ్వులు) తెలియదు. మీరూ చెప్పకండి.

నేను చదివింది మీలాగే మెకానికల్ డిప్లొమా. ముప్ఫై ఒక్క ఏళ్లు డెయిరీలోనే గడిచాయి. బాయిలర్లు, అమోనియా కంప్రెసర్లు, పాశ్చరైజర్, ప్యాకింగ్ మెషిన్లు, వీటి మధ్యనే. మేనేజ్‌మెంట్ పుస్తకాలు పెద్దగా చదవలేదు. అందుకని సూత్రాలు చెప్పను, ఒక్క సమస్య గురించి చెబుతాను. అది తేలడానికి నాలుగు నెలలు పట్టింది. అందులో రెండున్నర నెలలు నా మూలంగానే పోయాయి. ఏ డెయిరీ, ఏ ఊరు అని మాత్రం అడక్కండి.

ఉమ్మడి రాష్ట్రంలో కరెంటు కోతలు గట్టిగా ఉన్న ఒక ఎండాకాలం. మార్చి నెలాఖరు నుంచి ఫిర్యాదులు మొదలయ్యాయి. పొద్దున కొన్న పాలు స్టవ్ మీద పెడితే విరిగిపోతున్నాయి. మన ఇళ్లలో పాలు విరగడమంటే మామూలు సంగతి కాదు కదా. కాఫీ లేదు, పిల్లలకి పాలు లేవు, పైగా పొద్దున్నే అపశకునం. ఆ కోపమంతా ఏజెంటు మీద పడుతుంది, ఏజెంటు ఫోన్ చేసి మా మీద చూపిస్తాడు.

మేం రోజుకి అరవై వేల లీటర్లు ప్యాక్ చేసేవాళ్లం. అందులో విరిగినవి ముప్ఫై, నలభై అరలీటరు ప్యాకెట్లు. అంతే. సగం పాలు విరిగిపోతే సమస్య ఒక్క పూటలో దొరికేది. వేలల్లో ముప్ఫై అంటే ఎక్కడని వెతకాలి? ల్యాబ్ వాళ్లు శాంపిల్ తీస్తే ఆ ముప్ఫైలో ఒకటి చేతికి తగలాలంటే లాటరీ తగిలినట్టే.

మీటింగ్ పెట్టారు. పదకొండు మందిమి, మూడు గంటలు, రెండుసార్లు టీ. మార్కెటింగ్ ఆయన ప్రొడక్షన్ వాళ్లు పాశ్చరైజేషన్ సరిగ్గా చేయట్లేదన్నాడు. ప్రొడక్షన్ ఆయన ప్రొక్యూర్‌మెంట్ వైపు చూశాడు, ఎండాకాలం పులుపెక్కిన పాలు దించుకుంటున్నారని. ప్రొక్యూర్‌మెంట్ ఆయన ఏజెంట్ల మీదకి తోశాడు, ట్రేలు ఎండలో పెట్టి తొమ్మిదింటి దాకా అమ్ముతున్నారని. ల్యాబ్ మేడం ఫైలు తెరిచి, "మా దగ్గర ఫాస్ఫటేజ్ పాస్, సీవోబీ నెగెటివ్, అన్ని బ్యాచ్‌లూ" అన్నారు. తెలియనివాళ్ల కోసం చెబుతాను. ఫాస్ఫటేజ్ అంటే పాలు సరిగ్గా పాశ్చరైజ్ అయ్యాయా లేదా చూసే పరీక్ష. సీవోబీ అంటే మరిగించి విరుగుతాయేమో చూడడం. మీ అమ్మ రోజూ పొద్దున చేసే పరీక్షే అది.

ఇక నా వంతు. నేను ఏమాత్రం తడుముకోకుండా, "కోల్డ్ స్టోర్ టెంపరేచర్ నాలుగు డిగ్రీలుండాల్సింది మధ్యాహ్నం ఏడుకి పోతోంది. దాన్ని చల్లబరిచే రెండో కంప్రెసర్‌కి ఓవర్‌హాల్ చేయాలి" అన్నాను.

టెంపరేచర్ ఏడుకి పోవడం నిజమే. కానీ కంప్రెసర్ ఓవర్‌హాల్ కోసం నేను అప్పటికి రెండేళ్లుగా ఫైలు తిప్పుతున్నాను. బడ్జెట్ లేదని ప్రతిసారీ వెనక్కి కొట్టారు. పాలు విరిగిన వార్త వినగానే నాకు మొదట తోచింది 'ఇప్పుడెలా కాదంటారో చూస్తాను' అని. ఆ రోజు ఆ గదిలో అందరిదీ అదే వరస. మార్కెటింగ్ ఆయనకి ప్రొడక్షన్ ఆయనతో పాత పేచీ ఉంది. ప్రొక్యూర్‌మెంట్ ఆయన ఏజెంట్లకు ఇన్సులేటెడ్ బాక్సులు కొనిపించాలని ఎప్పటినుంచో చెబుతున్నాడు. అందరి జేబుల్లోనూ పరిష్కారం ముందే రాసి ఉంది. దానికి తగిన సమస్య దొరికిందని సంబరపడ్డాం.

నా మాటే నెగ్గింది. ఎందుకంటే నా దగ్గర నంబరు ఉంది, ఏడు డిగ్రీలని. మిగతావాళ్ల దగ్గర మాటలే ఉన్నాయి. నంబరు చెప్పేవాడు తప్పు చెప్పినా గట్టిగా వినపడుతుంది. కొన్ని లక్షలు ఖర్చు పెట్టి ఓవర్‌హాల్ చేయించాం. స్పేర్లు రావడానికి నెల, పని ఒక వారం. మే నెల మొదట్లో కంప్రెసర్ స్టార్ట్ చేస్తే కోల్డ్ స్టోర్ మూడున్నరకి దిగింది.

ఫిర్యాదులు ఆగిపోయాయి.

పది రోజులు, ఒక్క ప్యాకెట్ కూడా వెనక్కి రాలేదు. జనరల్ మేనేజరు, అంటే జీఎం గారు నన్ను పిలిచి భుజం తట్టారు. నేను ఇంటికి స్వీట్లు పట్టుకెళ్లాను. పదకొండో రోజు పొద్దున ఆరుంపావుకి ఫోన్. ముప్ఫై రెండు ప్యాకెట్లు.

ఆ పది రోజులు ఫిర్యాదులు ఎందుకు రాలేదో చివర్లో చెబుతాను. అప్పుడు నాకూ తెలియదు. అప్పట్లో నేను అన్నదేమిటంటే, "కంప్రెసర్ సగం సమస్య తీర్చింది, మిగతా సగం వేరే ఉన్నట్టుంది." తప్పు ఒప్పుకోవడం ఇష్టం లేనివాడికి ఈ 'సగం' అనే మాట భలే ఆదుకుంటుంది.

ఇక్కడ కాసేపు డెయిరీ పక్కన పెడదాం. ఈ రోజు మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి పుట్టినరోజు కాబట్టి ఆయన చేసిన ఒక పని చెప్పాలి. దండ వేసి ఊరుకుంటే ఆయనకే బాగోదు.

1908 సెప్టెంబరు 28న హైదరాబాదులో మూసీ పొంగింది. వేలమంది పోయారు, పదిహేను వేలని చెబుతారు. అఫ్జల్ గంజ్ వంతెన, చాదర్‌ఘాట్ వంతెన దెబ్బతిన్నాయి, పురానాపూల్ ఒక్కటే నిలిచింది. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది దాకా బతికారని ఇప్పటికీ ఆ చెట్టు చూపిస్తారు. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్యను పిలిపించింది.

ఊరు మునిగినప్పుడు ఎవరైనా ఎక్కడ చూస్తారు? మునిగినచోటే చూస్తారు. వంతెన ఎత్తు పెంచుదాం, గోడ కడదాం అంటారు. ఆయన ఊరు వదిలి నదికి ఎగువన ఉన్న పరివాహక ప్రాంతం లెక్క తీశారు. ఎగువన 788 చెరువులున్నాయి. అందులో 221 తెగాయి. వాన ఎక్కువ పడిన మాట నిజమే. కానీ పైచెరువు తెగి కిందచెరువు మీద పడి, అదీ తెగి, ఆ నీళ్లన్నీ కలిసి ఒక్కసారిగా ఊరి మీదకొచ్చాయి. వరద కనపడింది అఫ్జల్ గంజ్‌లో, పుట్టింది ఎక్కడో పైన. అందుకే ఆయన సలహా ఊరికి ఎగువన జలాశయాలు కట్టమని. మూసీ మీద ఉస్మాన్ సాగర్ 1920లో, ఈసీ నది మీద హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. హైదరాబాదులో ఉన్నవాళ్లు గండిపేట నీళ్లు తాగామని గొప్పగా చెప్పుకుంటారే, ఆ గండిపేట అంటే ఈ ఉస్మాన్ సాగరే, వరదను ఆపడానికి పుట్టింది. తాగునీళ్లు కూడా కలిసొచ్చాయి.

మా డెయిరీలో పాలు విరిగింది గిన్నెలో. మేం నాలుగు నెలల్లో రెండున్నర నెలలు గిన్నె చుట్టూ, కోల్డ్ స్టోర్ చుట్టూ తిరిగాం. ఎక్కడ పుట్టిందో చూడలేదు.

సరే, జూన్ వచ్చింది. జీఎం గారికి నా మీద నమ్మకం తగ్గింది. అది నాకు మేలే చేసింది, అభిప్రాయాలు చెప్పే ఉద్యోగం పోయింది కాబట్టి. ల్యాబ్ మేడం, నేను కలిసి కూర్చున్నాం. ఆవిడ అడిగిన ప్రశ్న ఇప్పటికీ గుర్తుంది. "విరిగినవి ఎక్కడివో రెండు నెలలుగా అడుగుతున్నాం. విరగనివి ఎక్కడివో ఎప్పుడైనా అడిగామా?"

ఈ ప్రశ్నకి గొప్ప చరిత్రే ఉందని తర్వాత చదివి తెలుసుకున్నాను. 1854లో లండన్ సోహో ప్రాంతంలో కలరా వచ్చింది. జాన్ స్నో అనే డాక్టరు చనిపోయినవాళ్ల ఇళ్లు మ్యాపు మీద గుర్తు పెడితే చాలావరకు బ్రాడ్ స్ట్రీట్‌లోని చేతిపంపు చుట్టూ వచ్చాయి. ఇంతవరకు అందరూ చెబుతారు. నాకు నచ్చింది ఆ తర్వాతి సంగతి. పంపుకి దగ్గర్లోనే దిక్కులేని పేదలుండే ఒక ఆశ్రమం ఉంది, అందులో 535 మంది ఉంటే చనిపోయింది ఐదుగురే. వెళ్లి చూస్తే వాళ్లకి సొంత బావి ఉంది. అదే వీధిలో బీరు తయారుచేసే ఫ్యాక్టరీ ఉంది, డెబ్భై మందికి పైగా పనివాళ్లు, ఒక్కరూ కలరాతో పోలేదు. వాళ్లు ఫ్యాక్టరీవాళ్లిచ్చే బీరే తాగేవాళ్లు, ఆ పంపు వైపే వెళ్లేవాళ్లు కాదు. (నవ్వులు) ఈ ఒక్క విషయాన్నే గుర్తు పెట్టుకుని హాస్టల్‌కి వెళ్లకండి. ఇంకొకటి, ఎక్కడో దూరంగా హాంప్‌స్టెడ్‌లో ఉన్న ఒక విధవరాలు చనిపోయింది. ఆరా తీస్తే ఆవిడకి ఆ పంపు నీళ్ల రుచి అలవాటు, రోజూ బండి మీద తెప్పించుకునేది. దగ్గరుండీ తప్పించుకున్నవాళ్లు, దూరంగా ఉండీ చిక్కుకున్న మనిషి. దారి చూపించింది వీళ్లే.

మా దగ్గర ఆ బీరు ఫ్యాక్టరీ ఏమిటంటే, హోటళ్లు. హోటళ్లకి పాలు నలభై లీటర్ల క్యాన్లలో వెళ్తాయి. ఆ పాలు కూడా అదే రైతులవి, అదే పాశ్చరైజర్, అదే స్టోరేజ్ ట్యాంకు, అదే కోల్డ్ స్టోర్. ఒక్క హోటలు నుంచి కూడా ఫిర్యాదు లేదు. రిజిస్టర్ తిరగేసి చూసేసరికి నాకు ముఖం చెల్లలేదు. మూడు గంటల మీటింగ్‌లో మేం వేలెత్తి చూపించిన ప్రొక్యూర్‌మెంట్, పాశ్చరైజేషన్, నా కంప్రెసర్, అన్నీ ఒక్క దెబ్బకి నిర్దోషులైపోయాయి. తేడా ఉంటే ట్యాంకు నుంచి ప్యాకెట్‌లోకి వెళ్లే దారిలోనే ఉండాలి. ఈ రిజిస్టర్ మార్చి నెలలోనూ అదే బీరువాలో ఉంది.

ఆ తర్వాత కవర్లు. విరిగిన పాలు ఏజెంట్లు పారబోసి కవరు చెత్తలో వేసేవాళ్లు. డబ్బులు వెనక్కి ఇచ్చేవాళ్లం, విషయం అక్కడితో సరి. మేం ఏం చేశామంటే, ఖాళీ కవరు తెచ్చిస్తేనే డబ్బులన్నాం. రెండు వారాల్లో నాలుగు వందలకు పైగా కవర్లొచ్చాయి. ల్యాబ్ వెనక వరండాలో తాడు కట్టి బట్టలారేసినట్టు ఆరేశాం. ఆ వాసన... మధ్యాహ్నం అటు ఎవరూ వచ్చేవాళ్లు కాదు. కవరు మీద మెషిన్ నంబరు ముద్ర ఉంటుంది. మా దగ్గర నాలుగు మెషిన్లు, రెండు లైన్లు. కవర్లన్నీ మూడు, నాలుగు మెషిన్లవి. రెండో లైను. ఒకటి, రెండు మెషిన్లది ఒక్క కవరు కూడా లేదు.

ఇక నేను వెళ్లి మూడో మెషిన్ పక్కన నిలబడ్డాను. టొయోటా కంపెనీలో తైఇచి ఒనో అనే పెద్దమనిషి ఉండేవాడు. ఫ్యాక్టరీలో నేల మీద సుద్దతో గుండ్రంగా గీత గీసి, ఇంజనీర్లని అందులో గంటల తరబడి నిలబడి చూడమనేవాడట. నాకు ఎవరూ గీత గీయలేదు. సాయంత్రం ఆరింటినుంచి పదింటిదాకా ఒక స్టూలు వేసుకుని కూర్చున్నాను. మొదటి రోజు అందరూ బిగుసుకుపోయారు, సార్ తప్పులు పట్టుకోవడానికి వచ్చాడని. నేను ఒక నోట్‌బుక్ తెచ్చుకుని రాస్తుంటే ఇంకా బిగుసుకున్నారు. మూడో రోజు నోట్‌బుక్ తేలేదు. నాలుగో రోజు నాకూ టీ పోశారు.

ట్రేలు సర్దే ఆవిడ ఒకామె ఉండేది. పన్నెండేళ్లుగా అదే పని. మా స్టాఫ్‌కి రోజుకి ఒక లీటరు తక్కువ ధరకి ఇస్తారు. షిఫ్ట్ అయిపోయాక ఆవిడ తన రెండు ప్యాకెట్లు తీసుకోవడం చూశాను. చేతికి దగ్గరగా ఉన్న ట్రే వదిలేసి, వరసలో ఎక్కడో మధ్యలో ఉన్న ట్రే లాగి అందులోంచి తీసింది.

"అదేంటమ్మా, దగ్గరున్నది వదిలేసి అంత కష్టపడుతున్నావ్?" అన్నాను.

"అయి బ్రేక్ తర్వాతయి సార్. మొదటి రెండు ట్రేలూ మేమెవరం తీసుకోం. విరుగుతాయి."

నాకు నోట మాట రాలేదు. "ఎప్పటినుంచి తెలుసమ్మా?"

"ఉగాది అయిన దగ్గర్నుంచి."

"మరి చెప్పలేదేం?"

"మమ్మల్నెవరడిగారు సార్?"

నాలుగు నెలలు, పదకొండు మంది ఆఫీసర్లు, లక్షల ఖర్చు. జవాబు ట్రేలు సర్దే చోట ఉగాది నుంచీ ఉంది. ఆవిడ చెప్పకపోవడానికి ఇంకో కారణం కూడా ఉందని తర్వాత తెలిసింది. ఏప్రిల్‌లో సూపర్‌వైజర్ ఒకరు, "చేతులు కడుక్కోకుండా ప్యాకింగ్ చేస్తున్నారు, అందుకే విరుగుతున్నాయి, ఎవరో తేలితే ఇంటికి పంపిస్తా" అని ఆడవాళ్లందరినీ నిలబెట్టి అరిచాడట. అలా అరిచాక మొదటి ట్రేలు విరుగుతున్నాయని ఎవరు నోరు విప్పుతారు? ఆ ట్రేలు సర్దింది తామే కదా. తప్పెవరిదో ముందు తేలుద్దామని కూర్చున్న చోట, తెలిసినవాళ్లు నోరు కుట్టేసుకుంటారు.

బ్రేక్ తర్వాతే ఎందుకు? బ్రేక్ ఎప్పుడూ ఉంది, టీకి పావుగంట. ఆ ఏడు మార్చి నుంచి మారింది. సాయంత్రం పూట కరెంటు కోత. జనరేటర్ మీద ప్లాంటంతా నడిపితే డీజిల్ ఖర్చు. అందుకని అకౌంట్స్ వాళ్లు మంచి సలహా ఇచ్చారు, కరెంటు పోయే టైముకే బ్రేక్ పెడితే ప్యాకింగ్ సెక్షన్ వరకు జనరేటర్ అక్కర్లేదు కదా అని. నిజంగా మంచి సలహానే, నేను కూడా సంతకం పెట్టాను. పావుగంట బ్రేక్ కాస్తా యాభై నిమిషాలు, గంట అయింది. బయట నలభై డిగ్రీల ఎండాకాలం, ప్యాకింగ్ హాల్లో ఫ్యాన్లు కూడా లేవు. ట్యాంకు నుంచి మెషిన్ దాకా ఉన్న పైపులో పాలు అలాగే నిలబడ్డాయి.

మరి రెండు లైన్లలోనూ నిలబడ్డాయి కదా, ఒక్క రెండో లైనుకే ఎందుకు? వెళ్లి పైపు పట్టుకుని చేత్తో తడుముతూ నడిచాను. మూడో మెషిన్ దగ్గరికి రాగానే పైన ఇంగ్లీషు T అక్షరంలా ఒక టీ జాయింటు, దానికి అడుగు పొడవు పైపు ముక్క, చివర మూత. ఒకప్పుడు అక్కడ ఇంకో మెషిన్ ఉండేది. ఆరేళ్ల కింద దాన్ని తీసేసినప్పుడు పైపు కోసి మళ్లీ వెల్డింగ్ చేసే తీరిక లేక మూత బిగించి వదిలేశారు. దీన్ని మేం డెడ్ లెగ్ అంటాం. రోజూ ప్లాంటు కడిగేటప్పుడు వేడి కాస్టిక్ సోడా నీళ్లు మెయిన్ పైపులో గబగబా పోతాయి కానీ ఈ పక్కకొమ్మలోకి తిరగవు, అక్కడ మిగిలిన పాలలో సూక్ష్మజీవులు పెరుగుతాయి. అందుకే అలాంటి ముక్క పైపు వ్యాసానికి ఒకటిన్నర, రెండు రెట్లకి మించి ఉండకూడదని లెక్క. మాది రెండంగుళాల పైపు. ముక్క పన్నెండు అంగుళాలు.

మూత బిగించి వదిలేశారు అన్నాను కదా. బిగించింది ఎవరో లాగ్‌బుక్ తీసి చూశాను. నా సంతకమే. (నవ్వులు)

అప్పటికే ఒకసారి దెబ్బ తిన్నాను కాబట్టి ఈసారి స్వీట్లు కొనలేదు. ల్యాబ్ మేడం, "కారణం దొరికిందంటే నమ్మను, నా కళ్ల ముందు పాలు విరగ్గొట్టి చూపించండి" అన్నారు. చాలా మంచి మాట. మూత తీయకుండా అలాగే ఉంచి, కరెంటు ఉన్న రోజే కావాలని లైను ఆపాం. ఒక రోజు పదిహేను నిమిషాలు, ఒక రోజు యాభై నిమిషాలు. స్టార్ట్ చేశాక మొదటి ట్రేలోంచి, పదో ట్రేలోంచి ప్యాకెట్లు తీసి, మామూలుగా ఇళ్లకి చేరేవి ఎలా ఉంటాయో అలాగే ఉంచి, తెల్లారాక మెథిలీన్ బ్లూ పరీక్ష పెట్టాం. టెస్ట్ ట్యూబులో పాలు, అందులో నీలం రంగు చుక్కలు, వేడినీళ్ల తొట్టిలో 37 డిగ్రీల దగ్గర పెట్టాలి. పాలలో సూక్ష్మజీవులు ఎంత ఎక్కువుంటే నీలం అంత త్వరగా పోయి తెల్లబడుతుంది. మంచి పాశ్చరైజ్డ్ పాలు ఐదు గంటలైనా నీలంగానే ఉండాలి. రెండో లైను, యాభై నిమిషాలు, మొదటి ట్రే ట్యూబు రెండు గంటలు తిరక్కుండానే తెల్లబడింది. పదిహేను నిమిషాలు ఆపిన రోజుది నిలిచింది. మొదటి లైనుది గంట ఆపినా నిలిచింది. మేం మధ్యాహ్నం భోజనానికి వెళ్లకుండా ఆ ట్యూబుల ముందే కూర్చున్నాం, క్రికెట్ మ్యాచ్ చూసినట్టు.

ఆ తర్వాతే మూత విప్పాం. లోపల పసుపుపచ్చగా, జిగురుగా, వేలు పెడితే జారిపోయే పొర. వాసన గురించి చెప్పను, ఇంకా మీరు టిఫిన్ చేయాలి.

ఇక్కడ గమనించండి. ఆ డెడ్ లెగ్ ఆరేళ్లుగా ఉంది, ఏ గొడవా లేదు. యాభై నిమిషాల బ్రేక్ మొదటి లైనుకీ ఉంది, గొడవ లేదు. డెడ్ లెగ్, పొడుగు బ్రేక్, ఎండ, మూడూ ఒకచోట కలిస్తేనే పాలు విరిగాయి. విడివిడిగా చూస్తే ఏదీ నేరస్థుడు కాదు. మామూలు సమస్యకీ, చిక్కు సమస్యకీ తేడా ఇక్కడే ఉందని నా అనుభవం. బేరింగ్ పోతే బేరింగ్ మార్చు, అంతే. చిక్కు సమస్యలో అన్నీ బాగానే ఉంటాయి, కలిసినప్పుడే చెడతాయి.

చంద్రయాన్-2 కథ ఇదే. 2019 సెప్టెంబరు 7న విక్రమ్ ల్యాండర్ చంద్రుడి మీద కూలింది కదా. ఎందుకో, తర్వాత ఇస్రో ఛైర్మన్ అయిన సోమనాథ్ గారు 2023లో వివరంగా చెప్పారు. ఇంజన్లు అనుకున్న దానికన్నా ఎక్కువ బలంగా తోశాయి, దాంతో తేడాలు పోగుపడ్డాయి. వాటిని సరిదిద్దుకోవడానికి ల్యాండర్ వేగంగా తిరగాల్సి వచ్చింది, కానీ అంత వేగంగా తిరగకుండా సాఫ్ట్‌వేర్‌లో పరిమితి ఉంది. మూడోది, దిగాల్సిన చోటు మరీ చిన్నది, అర కిలోమీటరుకి అర కిలోమీటరు. అక్కడికే చేరాలని అది వేగం పెంచుకుంటూ పోయింది. ఈ మూడూ కలిశాయి. చంద్రయాన్-3కి ఒక్క ఇంజను మార్చి ఊరుకోలేదు. దిగే చోటుని నాలుగు కిలోమీటర్ల పొడవు, సుమారు రెండున్నర కిలోమీటర్ల వెడల్పు చేశారు. కాళ్లు బలంగా చేశారు, ఇంధనం ఎక్కువ పెట్టారు, మధ్యలో ఉన్న ఐదో ఇంజను తీసేశారు. ఏవేవి చెడిపోవచ్చో ముందే రాసుకుని, అవి చెడినా దిగేలా తయారు చేశారు. మన శ్రీహరికోట నుంచి 2023 జులై 14న బయల్దేరి ఆగస్టు 23న దిగింది.

మేం కూడా రెండు పనులు చేశాం. ఆ టీ జాయింటు కోసేసి పైపు తిన్నగా వెల్డింగ్ చేయించాం. వెల్డర్‌కి సగం రోజు కూలి. కంప్రెసర్ మీద పెట్టిన డబ్బుతో అలాంటి పైపులు ఊరంతా వెల్డింగ్ చేయించొచ్చు. రెండోది, ఏ కారణంగానైనా లైను ఇరవై నిమిషాలు మించి ఆగితే అందులోని పాలు వెనక్కి పంపి, ఆ తర్వాతే ప్యాకింగ్ మొదలుపెట్టాలని రాసి గోడకి అంటించాం. డెడ్ లెగ్ పోయాక ఇదెందుకన్నారు కొందరు. ఇంకెక్కడ ఏ మూత బిగించి ఉన్నానో నాకే గుర్తులేదన్నాను.

ఆ పది రోజుల సంగతి బాకీ ఉంది. కంప్రెసర్ స్టార్ట్ చేసిన వారమే వానలు పడ్డాయి. వాతావరణం చల్లబడి కోతలు ఎత్తేశారు. కోత లేదు కాబట్టి పొడుగు బ్రేక్ లేదు. ఎండలు మళ్లీ ముదిరాయి, కోతలొచ్చాయి, ఫిర్యాదులొచ్చాయి. మే నెల జనరేటర్ లాగ్‌బుక్, ఫిర్యాదుల రిజిస్టర్ పక్కపక్కన పెడితే చిన్నపిల్లవాడికైనా కనపడేది. రెండూ రెండు డిపార్ట్‌మెంట్ల బీరువాల్లో ఉన్నాయి. జాన్ స్నో విషయంలో కూడా, పంపు హ్యాండిల్ తీసేసేనాటికే కలరా తగ్గుముఖం పట్టింది. హ్యాండిల్ తీయడం వల్లే ఆగిందో లేదో చెప్పలేనని ఆయనే రాశాడు. నేనేమో స్వీట్లు కొన్నాను.

నేను చెప్పాల్సింది ఇంతే. ఏమైనా అడిగితే చెబుతాను.

(ప్రశ్న: సార్, నేను పక్కనే ఫార్మా కంపెనీలో చేస్తున్నాను. మా దగ్గర డీవియేషన్, అంటే తయారీలో పద్ధతి తప్పడం, వస్తే సాయంత్రానికల్లా రూట్ కాజ్, అంటే అసలు కారణం, రాసివ్వమంటారు. మీకు నాలుగు నెలలున్నాయి. మాకెవరిస్తారు?)

నాకూ ఎవరూ ఇవ్వలేదమ్మా, తీసుకోవాల్సి వచ్చింది. (నవ్వులు) మీ దగ్గర ఆ ఫారంలో 'ఎందుకు' అని ఐదు గళ్లుంటాయి కదా? గళ్లు ఐదున్నాయి కాబట్టి ఐదూ నింపుతాం. చివరి గడిలో ఎప్పుడూ ఒకటే జవాబు, "ఆపరేటర్‌కి మళ్లీ ట్రైనింగ్ ఇచ్చాం." నేనూ చాలా రాశాను. ఆ ఐదు ప్రశ్నలు ఒక్క దారినే తవ్వుతాయి, మా పాల లాగా మూడు దారులు కలిసిన చోట పనికిరావు. నా సలహా ఏమిటంటే, సాయంత్రానికి ఇవ్వాల్సింది కారణం కాదు, కట్టడి. ఇంకా నష్టం జరగకుండా ఏం ఆపామో రాయండి. మేం మార్చిలోనే రెండో లైనుని రోజూ బ్రేక్ తర్వాత నడపకుండా వదిలేసినా జనం ఇళ్లలో పాలు విరిగేవి కావు. కారణం గడిలో 'ఇంకా చూస్తున్నాం' అని రాసి, ఇంతవరకు ఏవేవి కాదని తేలాయో రాయండి. మీ మేనేజర్ మొదటిసారి తిడతాడు. మూడోసారికి అలవాటు పడతాడు. పడకపోతే, అదే డీవియేషన్ మళ్లీ వచ్చినప్పుడు మీ పాత కాగితం ఆయనకే పనికొస్తుంది.

(ప్రశ్న: సార్, ఆ ట్రేలు సర్దే ఆవిడకి ఏమైనా ఇచ్చారా?)

మంచి ప్రశ్న బాబూ. ఆగస్టు పదిహేనున జెండా ఎగరేశాక స్టేజి మీదకి పిలిచి శాలువా కప్పి, స్టీలు క్యారేజీ ఇచ్చాం. ఆ సూపర్‌వైజర్ చేతనే ఇప్పించారు జీఎం గారు. అది నాకు బాగా నచ్చింది.

తర్వాత కొన్నాళ్లకి ఒక రాత్రి షిఫ్ట్‌లో చూస్తే ఆవిడ మళ్లీ ఆ మధ్య ట్రేనే లాగుతోంది. పైపు కోసేశాం, పాలు వెనక్కి పంపుతున్నాం, ట్యూబులు నీలంగా నిలుస్తున్నాయి. "ఇంకా నమ్మకం కుదరలేదా అమ్మా?" అన్నాను.

ఆవిడ నా చేతిలో ఉన్న రెండు ప్యాకెట్ల వైపు చూసి, "మీరేవి తీసుకున్నారు సార్?" అంది.

నేనూ మధ్యలోవే తీసుకున్నాను.